గ్రహణం మొర్రి – తప్పు గ్రహణానిదా? తల్లిదా?

"డాక్టరుగారూ, నేను చిలక్కి చెప్పినట్టు చెప్పానండీ, గ్రహణం పూట గడప దాటొద్దని. వింటేనా! దండెం మీద బట్టలు తీసుకొస్తానని పెరట్లోకి వెళ్ళింది. ఇప్పుడు చూడండి ఏమయిందో!"

2023 మార్చి నెలలో ఒకరోజు ఉదయం మా ఆసుపత్రి కాన్పుల వార్డులో ఒక పెద్దావిడ నాతో అన్న మాటలివి. అంతకుముందు రాత్రి ఆమె కోడలికి ఆడపిల్ల పుట్టింది. పిల్ల బరువు రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. పుట్టగానే గట్టిగా ఏడ్చింది. ఒంటి రంగు బాగుంది. గుండె, వూపిరి అన్నీ బాగున్నాయి. కాని పై పెదవి ఎడమవైపున చీలి వుంది. ఆ చీలిక ముక్కు రంధ్రం దాకా పోయింది. టార్చిలైటు వేసి నోట్లో చూస్తే అంగిలి కూడా వెనకదాకా చీలి వుంది. దీన్నే మన వూళ్ళల్లో 'గ్రహణం మొర్రి' అంటారు.

కోడలికి ఇరవయ్యొక్కేళ్ళు. గోడవైపు తిరిగి పడుకుంది. పిల్లని పక్కలో వేసుకోలేదు. ఆమె తల్లి తప్పంతా తనదే అన్నట్టు తలవంచుకుని కూర్చుంది. భర్త వరండాలోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. పుట్టి పన్నెండు గంటలయినా పిల్ల గొంతులో పాలచుక్క సరిగా పడలేదు.

మొర్రి కన్నా ముందు నాకు భయం వేసింది ఆ చివరి మాటకి. ఎందుకో తరవాత చెబుతాను. ముందు గ్రహణం సంగతి చూద్దాం.

గ్రహణం అంటే నాకూ భయమే

గ్రహణాన్ని నమ్మేవాళ్ళని వెక్కిరించే వుద్దేశం నాకు లేదు. 1980 ఫిబ్రవరి 16న మన తెలుగునేల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పోయింది. నాకప్పుడు పదేళ్ళు. మధ్యాహ్నంపూట వీధంతా నిర్మానుష్యం. మా ఇంట్లో తలుపులు, కిటికీలు మూసి, నీళ్ళ బిందెల మీదా పచ్చళ్ళ జాడీల మీదా దర్భలు వేశారు. కడుపుతో వున్న మా పిన్నిని గదిలో మంచంమీద వెల్లకిలా పడుకోబెట్టి, చెయ్యి కూడా కదపనివ్వలేదు. కదిలితే బిడ్డకి మొర్రి వస్తుందన్నారు. పిన్ని కదలలేదు. బిడ్డ చక్కగా పుట్టాడు. దాంతో మా ఇంట్లో ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది!

కాని ఒక్కసారి ఆలోచించండి. ఆరోజు ఆసుపత్రులలో పనిచేసిన గర్భిణీ నర్సులు వున్నారు. గ్రహణం అంటే పట్టింపులేని కుటుంబాల స్త్రీలు వున్నారు. వాళ్ళందరికీ మొర్రి పిల్లలు పుట్టలేదు కదా!

ఈ నమ్మకం మనకొక్కళ్ళకే వుందనుకోకండి. సముద్రాలకి అవతల మెక్సికోలోనూ వుంది. చంద్రుణ్ణి ఏదో కొరికితే గ్రహణం పడుతుందనీ, కడుపుతో వున్నామె అది చూస్తే బిడ్డ పెదవి కూడా కొరికినట్టు అవుతుందనీ అక్కడి ప్రాచీన అజ్టెక్ ప్రజలు నమ్మేవారు. చీలిన పెదవిని చూసినప్పుడు మనిషికి కారణం కావాలి. ఆకాశంలో కొరికినట్టున్న బింబం కనబడింది. రెండింటినీ ముడివేశాడు.

మరి అసలు కారణం ఏమిటి? అది తెలియాలంటే మన ముఖం ఎలా తయారవుతుందో తెలియాలి. అది తెలియాలంటే చేప, కప్ప, కోడి దగ్గరికి పోవాలి.

ముక్కు కింద వేలు పెట్టి చూడండి

మీ ముక్కుకీ పై పెదవికీ మధ్య వేలు పెట్టి చూడండి. నడుమ చిన్న పల్లం, దానికి అటూ ఇటూ రెండు సన్నని గట్లు తగులుతాయి. ఆ గట్లు దాదాపుగా అతుకులు. మీ పై పెదవి మూడు ముక్కలు కలిసి తయారయింది – మధ్య ముక్క పైనుంచి కిందికి దిగింది, రెండు పక్క ముక్కలు చెంపలవైపునుంచి వచ్చాయి. మూడూ కలిసినచోట పడ్డ ఆనవాళ్ళే ఆ గట్లు. అందుకే మనుషుల్లో మొర్రి సాధారణంగా పెదవి నడిమధ్యన రాదు. ఒక పక్కకి వస్తుంది, లేదా రెండు పక్కలా వస్తుంది. కలవవలసిన అతుకు కలవకుండా మిగిలిపోవడమే మొర్రి. వున్న పెదవి తెగిపోవడం కాదు. గ్రహణం కోసెయ్యడానికి అక్కడ ముందు పెదవంటూ వుండాలి కదా!

ఇంతకీ ముఖం ముక్కలుగా ఎందుకు తయారుకావాలి? ఏకంగా ఒకే ముద్దగా తయారుకావచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఇల్లు కట్టేవాడు కొత్త స్థలంలో కొత్త పునాదితో కడితే తనకి నచ్చినట్టు కట్టుకోవచ్చు. తాతలనాటి మండువా ఇంటినే తరతరానికీ కాస్త మార్చుకుంటూ వచ్చాడనుకోండి. పాత గోడల మీదే కొత్త కప్పు వేయాలి. పాత దూలాన్నే కొత్త గదికి వాడుకోవాలి. మన శరీరం ఈ రెండో రకం ఇల్లు. వెన్నెముక గల జంతువులన్నిటిదీ మొదట ఒకటే పునాది.

వచ్చే ఆదివారం ఇంట్లో కోడికూర వండితే రెక్క ముక్కని పారెయ్యకుండా చూడండి. పైన ఒక ఎముక, దాని కింద జంటగా రెండు ఎముకలు, ఆ తరవాత మణికట్టు, చివర కలిసిపోయిన వేళ్ళు. ఇప్పుడు మీ చెయ్యి తడిమి చూసుకోండి. భుజం నుంచి మోచేతి దాకా ఒక ఎముక, అక్కణ్ణించి మణికట్టు దాకా రెండు, తరవాత చిన్న ఎముకలు, వేళ్ళు. గబ్బిలం రెక్కలో, తిమింగలం తెడ్డులో, కుక్క ముందుకాలులో అదే వరస. హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం చూడండి. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి. దాని ముందుకాలులోనూ అదే వరస. పని వేరు, పునాది ఒకటి. వీటిని నిర్మాణసామ్య అవయవాలు అంటారు. సీతాకోకచిలుక రెక్కలో మాత్రం అసలు ఎముకే వుండదు. దానికీ కోడిరెక్కకీ పోలిక పేరులోనే.

రెండు సీసాలు, పోయిన చీటీలు

పునాది ఒకటేనని ఎముకల కన్నా పిండాలు ఇంకా బాగా చెబుతాయి. 1828లో వాన్ బేయర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక చిత్రమైన సంగతి రాశాడు. ఆయన రెండు చిన్న పిండాలని సీసాల్లో భద్రపరిచి, చీటీలు అంటించడం మరిచిపోయాడు. తరవాత చూస్తే అవి బల్లి జాతివో, పక్షివో, పాలిచ్చే జంతువువో ఆయనకే తెలియలేదు! అంత పోలిక వుంటుంది తొలిదశలో.

నాలుగోవారంలో మనిషి పిండం కందిబద్దంత వుంటుంది. అప్పుడు దాని మెడ పక్కన ఒకదాని కింద ఒకటిగా చిన్న మడతలు కనిపిస్తాయి. చేప పిండంలోనూ సరిగ్గా ఇలాంటి మడతలే వుంటాయి. చేపలో వాటిలో మొదటిది దవడ అవుతుంది, వెనకవి మొప్పలని మోసే కమ్ములవుతాయి. మనలో మొదటి మడతనుంచి పై దవడ, కింది దవడ, చెవిలోపలి బుల్లి ఎముకల్లో రెండు వస్తాయి. వెనక మడతలనుంచి స్వరపేటికలోని మృదులాస్థులు వస్తాయి. చెవిలోని ఆ రెండు బుల్లి ఎముకలూ సరీసృపాలలో దవడ కీలు ఎముకలుగా వున్నవేనని 1837లో రైకర్ట్ కనిపెట్టాడు. పాత దూలాన్ని కొత్త గదికి వాడుకోవడమంటే ఇదే!

ఇక్కడ ఒక పొరపాటు దిద్దాలి. "మనిషి కడుపులో మొదట చేపగా వుండి, తరవాత కప్పగా మారి, చివరికి మనిషవుతాడు" అని కొన్ని పాత పుస్తకాలలో రాశారు. అది నిజం కాదు. మనిషి పిండానికి ఏనాడూ మొప్పలు వుండవు. చేప పిండానికీ మన పిండానికీ మొదట కనిపించే మడతలు ఒకటే, అంతవరకే. కాబట్టి మొర్రితో పుట్టిన బిడ్డని "వెనకటి జంతువుల దశలో ఆగిపోయింది" అని ఎవరూ అనకూడదు. ఆ బిడ్డ నూటికి నూరుపాళ్ళూ మనిషిబిడ్డ. ఒక అతుకు కలవలేదు, అంతే.

కోడి తల ఎత్తి నీళ్ళెందుకు తాగుతుంది?

ఇప్పుడు అంగిలి సంగతి. చేప ముక్కు వాసనకే తప్ప వూపిరికి పనికిరాదు. మామూలుగా చేపలకి ముక్కునుంచి నోట్లోకి దారే వుండదు. ఒక రంధ్రంలోంచి నీళ్ళు లోపలికి పోయి, పక్క రంధ్రంలోంచి బయటికి వస్తాయి. మరి ముక్కుకీ నోటికీ దారి ఎప్పుడు పడింది?

చైనాలోని యునాన్ ప్రాంతంలో కెనిక్తిస్ అనే చేప శిలాజం దొరికింది. దాని వయస్సు 39 కోట్ల సంవత్సరాల పైచిలుకు. 2004లో దాన్ని క్షుణ్ణంగా పరీక్షించిన శాస్త్రజ్ఞులు ఒక వింత కనుక్కున్నారు. దాని వెనక ముక్కురంధ్రం పూర్తిగా బయటా లేదు, పూర్తిగా నోట్లోనూ లేదు. సరిగ్గా పై దవడ అంచులో, పళ్ళ వరసని చీల్చుకుని ఆ సందులో వుంది! అంటే ముక్కురంధ్రం ఒకటి బయటినుంచి నోట్లోకి ప్రయాణం చేస్తూ, నడిదారిలో వుండగా మనకి చిక్కిందన్నమాట. మొర్రి బిడ్డలో చీలిక వచ్చేదీ ఇంచుమించు ఆ చోటనే. ముక్కు నోట్లోకి దారి చేసుకోవాలంటే పై దవడ అక్కడ విడి, మళ్ళీ కలవాలి. ఆ పాత అతుకు ఇప్పటికీ మన ముఖంలో వుంది.

కప్ప ముక్కు రంధ్రాలు నోటి కప్పులో ముందు భాగాన తెరుచుకుంటాయి. కోడి నోరు తెరిచి పైకి చూడండి. అంగిలి నడుమ పొడుగ్గా ఒక చీలిక కనిపిస్తుంది. అది కోడికి జబ్బు కాదు, కోడి నిర్మాణమే అది. అందుకే కోడి మనలా నీళ్ళు పీల్చుకోలేదు. ముక్కు ముంచి, తల పైకెత్తి గొంతులోకి జార్చుకుంటుంది. పాలిచ్చే జంతువులకి మాత్రం ముక్కునీ నోటినీ వేరుచేసే పూర్తి అంగిలి ఏర్పడింది. దానివల్ల ఒక గొప్ప సదుపాయం వచ్చింది. పెదవులు బిగించి, అంగిలికి నాలుకని ఆనించి పాలు పీల్చవచ్చు. పీలుస్తూనే ముక్కుతో వూపిరి తీసుకోవచ్చు. ఆవుదూడ అయినా, కుక్కపిల్ల అయినా, మన పసిపిల్ల అయినా పాలు తాగేది ఇలాగే.

ఈ అంగిలి కూడా రెండు ముక్కలే. ఆరోవారంలో అవి నాలుకకి అటొకటి ఇటొకటి నిలువుగా వేలాడుతుంటాయి. ఏడు, ఎనిమిది వారాల మధ్య నాలుక కిందికి దిగుతుంది. రెండు ముక్కలూ పైకి లేచి, రెండు రెక్కల తలుపు మూసుకున్నట్టు నడుమ కలుస్తాయి. పన్నెండోవారానికి గడియ కూడా పడుతుంది. ఆ కొద్దిరోజుల్లో ఏ రెక్క కాస్త ఆలస్యంగా లేచినా, కాస్త పొట్టిగా పెరిగినా తలుపు మూసుకోదు. కుక్కపిల్లల్లో, ఆవుదూడల్లో కూడా చీలిన అంగిలితో పుట్టేవి వుంటాయి. పశువుల డాక్టర్ని అడగండి. ఆ ఆవు ఏ గ్రహణంనాడు ఏ బట్టలు తీసింది చెప్పండి?

అత్తగారితో కేలండరు లెక్క

ఆరోజు వార్డులో నేను ఆ పెద్దావిడకి ఇంత కథ చెప్పలేదు. గోడమీది కేలండరు తీసి పక్కన కూర్చున్నాను.

"అమ్మా, గ్రహణం ఎప్పుడు పట్టింది?"

"దీపావళి మర్నాడు, బాబూ. సాయంత్రం పూట."

నిజమే. 2022 అక్టోబరు 25న పాక్షిక సూర్యగ్రహణం. కోడలికి అప్పుడు అయిదోనెల. ఆమె ఆఖరిసారి బయట చేరింది జూన్ మొదటివారంలో. అంటే గర్భం నిలిచింది ఇంచుమించు జూన్ మూడోవారంలో. అక్కణ్ణించి ఏడు వారాలకి పై పెదవి పూర్తవుతుంది. వేళ్ళమీద లెక్కపెట్టి చూపించాను. ఆగస్టు రెండోవారం. అంగిలి మూసుకోవలసింది ఎంత ఆలస్యమైనా సెప్టెంబరు మధ్యకి.

"అంటే అమ్మా, దీపావళి నాటికి నీ మనవరాలి పెదవి అలా వుండి అప్పటికే రెండు నెలలు దాటింది. మీ కోడలు బట్టలు తియ్యడానికి వెళ్ళకపోయినా అంతే. మంచంమీద బిర్రబిగుసుకుని పడుకున్నా అంతే. జూన్‌నుంచి సెప్టెంబరు దాకా అసలు గ్రహణమే లేదు. పంచాంగం చూడు."

పెద్దావిడ మాట్లాడలేదు. కాని గోడవైపు తిరిగి పడుకున్న కోడలు మాత్రం ఇటు తిరిగింది.

పాఠకులలో కడుపుతో వున్నవారు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. నెల తప్పిందని గట్టిగా నమ్మకం కుదిరి, నలుగురికీ చెప్పేనాటికే బిడ్డ పెదవి పని దాదాపు అయిపోతుంది. గ్రహణం విషయంలో డాక్టరుగా నేను చెప్పే జాగ్రత్త ఒక్కటే – సూర్యగ్రహణాన్ని వట్టికళ్ళతో ఎవరూ చూడకండి. అది గర్భిణులకే కాదు, అందరికీ. గ్రహణం పేరుతో కడుపుతో వున్న మనిషిని గంటల తరబడి అన్నం, నీళ్ళు లేకుండా మాడ్చకండి.

మరి కారణాలేమిటి?

ప్రతి 700 నుంచి 1000 కాన్పులలో సుమారుగా ఒక బిడ్డ మొర్రితో పుడుతుంది. చాలామందిలో ఇదీ అని ఒక్క కారణం చూపలేం. కొంత వంశపారంపర్యం, కొంత గర్భంలోని పరిస్థితులు కలిసి పనిచేస్తాయి. తొలి మూడు నెలల్లో పొగతాగడం, సారా, అదుపులో లేని మధుమేహం, మూర్ఛకి వాడే కొన్ని మందులు ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. అలాగని మూర్ఛమందు మీ అంతట మీరు ఆపవద్దు. మూర్ఛ వస్తే తల్లికీ బిడ్డకీ ఇంకా ప్రమాదం. గర్భం రాకముందే డాక్టరుకి చెబితే మందు మార్చే వీలుంటుంది.

ఒక బిడ్డ మొర్రితో పుడితే, తల్లిదండ్రులకి మొర్రి లేకపోతే, తరవాతి కాన్పులో మళ్ళీ వచ్చే అవకాశం నూటికి మూడునుంచి అయిదు. అంటే తొంభై అయిదుమందికి పైగా మామూలు బిడ్డలే. "ఈవిడ కడుపున ఇలాంటివాళ్ళే పుడతారు" అని కొడుక్కి రెండో పెళ్ళి ఆలోచన చేసే అత్తగార్లు ఈ అంకె గుర్తుంచుకోవాలి. ఇంకో మాట. వంశపారంపర్యం అంటే తల్లి వంశమే కాదు, తండ్రి వంశం కూడా!

బిడ్డ కావాలనుకున్నప్పటినుంచి మూడోనెల నిండేదాకా రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకోండి. బిడ్డ వెన్నుపాములో వచ్చే లోపాలని ఇది చాలావరకు నివారిస్తుంది. మొర్రికి అంత ఖాయంగా చెప్పలేం, కాని నష్టం లేదు. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రాల్లో వూరికే ఇస్తారు. అయిదోనెలలో చేసే టిఫా స్కాన్‌లో పెదవి చీలిక చాలాసార్లు కనబడుతుంది. అంగిలి మాత్రమే చీలి వుంటే కనబడకపోవచ్చు.

అసలు ప్రమాదం ఆకలి

నాకు భయమెందుకు వేసిందో ఇప్పుడు చెబుతాను. 1998లో నేను ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో వున్నాను. పెదవీ అంగిలీ చీలిన మగపిల్లవాణ్ణి తీసుకొచ్చారు. పుట్టి మూడురోజులు. "భయంలేదు, మూడు నాలుగు నెలలు పోయాక పెద్దాసుపత్రికి తీసుకుపోతే కుట్టేస్తారు" అని ధైర్యం చెప్పి పంపించాను. పుస్తకంలో వున్నది వున్నట్టు చెప్పాననుకున్నాను.

రెండు నెలలకి మళ్ళీ తెచ్చారు. పుట్టినప్పటి బరువు కూడా లేడు. పడుకోబెట్టి సీసాతో పాలు పడుతున్నారట. సగం ముక్కులోంచి బయటికి, కొంత వూపిరితిత్తుల్లోకి. నిమోనియా పట్టింది. మర్నాటి తెల్లవారుజామున పోయాడు. "గ్రహణం తీసుకుపోయింది" అన్నారు వాళ్ళు. కాని తీసుకుపోయింది గ్రహణం కాదు, మొర్రి కూడా కాదు. ఆకలి. ఆపరేషన్ ఎప్పుడో చెప్పిన నేను, ఆ సాయంత్రం పాలెలా పట్టాలో చెప్పలేదు. పాలు పీల్చుకోవడానికి అంగిలి మూసి వుండాలని నేను చదువుకోలేదా? చదువుకున్నాను. చదివినదాన్ని ఆ తల్లి ఒడిలోకి తీసుకురాలేదు.

అందుకని ఇప్పుడు మొర్రి బిడ్డ పుడితే మొట్టమొదట నేను చెప్పేది పాల సంగతే.

పెదవి మాత్రమే చీలి వుంటే చాలామంది పిల్లలు తల్లి రొమ్ము పట్టుకోగలరు. చీలికని తల్లి వేలితోనో, రొమ్ముతోనో మూసి పట్టాలి.

అంగిలి చీలి వుంటే బిడ్డ ఎంత ప్రయత్నించినా పీల్చుకోలేదు. రంధ్రం వున్న గొట్టంతో సోడా పీల్చినట్టే. ఆకలి వుంటుంది, ఆరాటం వుంటుంది, పాలు రావు. అలసిపోయి నిద్రపోతుంది. "పడుకుంది కదా, కడుపు నిండింది" అనుకోకండి. తల్లి తన పాలు శుభ్రమైన గిన్నెలోకి పిండి, చెంచాతోగాని, మన అమ్మమ్మలు వాడిన ఉగ్గుగిన్నెతోగాని పట్టాలి. దీని కోసం ప్రత్యేకంగా తయారుచేసిన మెత్తని సీసాలూ వున్నాయి.

బిడ్డని ఎప్పుడూ పడుకోబెట్టి పట్టకండి. తల ఎత్తుగా, ఇంచుమించు కూచోబెట్టినట్టు పట్టుకోండి. కోడి తల ఎత్తి మింగే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది! పాలు చెంప లోపలివైపు కొద్దికొద్దిగా పొయ్యండి. మింగాకే మళ్ళీ పొయ్యండి. మధ్యమధ్య భుజాన వేసుకుని తేన్పించండి. గాలి ఎక్కువ మింగుతారు కనుక ఇది ముఖ్యం. ముక్కులోంచి కొద్దిగా పాలు వస్తే కంగారుపడి మానెయ్యకండి, తుడిచి మళ్ళీ పట్టండి.

వారం వారం తూకం వేయించండి. బరువు పెరగకపోయినా, పాలు తాగేటప్పుడు నీలంగా మారినా, ఎగశ్వాస వున్నా, కింది దవడ మరీ చిన్నదై వూపిరి కష్టమవుతున్నా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఆపరేషన్ ఎప్పుడు?

పెదవికి మూడునుంచి ఆరు నెలల మధ్య ఆపరేషన్ చేస్తారు. డాక్టర్లు మూడు పదుల లెక్క చూస్తారు – పది వారాల వయస్సు, పది పౌన్ల బరువు అంటే సుమారు నాలుగున్నర కిలోలు, పది గ్రాముల హిమోగ్లోబిన్. అంగిలికి తొమ్మిదినుంచి పద్దెనిమిది నెలల మధ్య చేస్తారు. మాటలు రావడం మొదలయ్యేలోగా చేయించడం మంచిది. ఆలస్యమయితే ముక్కుతో మాట్లాడే అలవాటు పడిపోతుంది, తరవాత దిద్దడం కష్టం. చిగురు ఎముకలో సందు వుంటే ఎనిమిదినుంచి పదకొండేళ్ళ మధ్య ఎముక అమరుస్తారు.

పెదవి కుట్టాక ముఖం అందంగా కనిపిస్తుంది కదా అని చాలామంది అంగిలి ఆపరేషన్‌కి రారు. ఇది పెద్ద పొరపాటు. చెవి సంగతి కూడా మరవకండి. గొంతునుంచి చెవిలోకి ఒక సన్నని గొట్టం వుంది. చేపల్లో కంటి వెనక కనిపించే తొలి మొప్పసందుకి సరిపోయే నిర్మాణమే అది. దాన్ని తెరిచే కండరం అంగిలిలో వుంటుంది. అంగిలి చీలితే ఆ కండరం సరిగా పనిచెయ్యదు. చెవిలో నీరు చేరి వినికిడి తగ్గుతుంది. వినబడని బిడ్డకి మాటలెలా వస్తాయి? కాబట్టి వినికిడి పరీక్ష తప్పనిసరి. కొండనాలుక రెండుగా చీలి వున్న పిల్లలకి కూడా ఒకసారి అంగిలి పరీక్ష చేయించండి. పైకి మామూలుగా కనిపించినా లోపల చీలిక వుండవచ్చు.

డబ్బు లేదని ఆగకండి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో మొర్రి కూడా వుంది. మీ ఆశా కార్యకర్తకి గాని, ఏఎన్ఎంకి గాని చెబితే జిల్లా ఆసుపత్రికి పంపుతారు. స్మైల్ ట్రైన్ అనే స్వచ్ఛంద సంస్థ సహాయంతో కూడా చాలా ఆసుపత్రులు ఈ ఆపరేషన్ వుచితంగా చేస్తున్నాయి.

ఆ పిల్ల ఇప్పుడు

ఆ మార్చి ఉదయం మా నర్సు ఉగ్గుగిన్నెతో పాలు పట్టడం మొదట తల్లికి నేర్పింది. తరవాత నేను పట్టుబట్టి అత్తగారికి నేర్పించాను. ఇంటికి పోయాక కోడలు రెండు గంటలకోసారి పాలు పిండి, పట్టి, మళ్ళీ పిండాలంటే ఇంకో మనిషి సాయం వుండాలి. మొదటి వారం తూకంలో పిల్ల నూట యాభై గ్రాములు తగ్గింది. మూడోవారానికి పెరిగింది. అయిదోనెలలో పెదవికి, ఏడాది నిండాక అంగిలికి ఆపరేషన్ అయ్యాయి. మాటల శిక్షణకి చాలాకాలం నెలకోసారి తిరిగారు.

ఆమధ్య ముగ్గురూ నా గదికి వచ్చారు. పిల్ల చేతిలో జాతరలో కొన్న బూర వుంది. నా ముఖం ముందు పెట్టి గట్టిగా వూదింది. అంగిలి మూసి లేనివాళ్ళు బూర వూదలేరు. గాలంతా ముక్కులోంచి పోతుంది. ఆ చప్పుడుకి బయట కూర్చున్న రోగులు తొంగిచూశారు.

వెళ్ళేటప్పుడు పెద్దావిడ వెనక్కి తిరిగి, "బాబూ, నేనయితే ఇప్పటికీ గ్రహణంనాడు తలుపులు వేసుకుంటాను. అది చిన్నప్పటినుంచీ అలవాటు. కాని కోడల్ని మాత్రం ఏమీ అననులే" అంది.

నాకు అంతకన్నా అక్కరలేదు. మీ వీధిలో మొర్రితో బిడ్డ పుడితే మీరూ ఆ మాటే అనండి. తరవాత, బిడ్డ పాలు తాగిందా అని అడగండి.